నేను వెనక్కి తీసుకుంటున్న మూడు సాక్ష్యాలు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట అందరికీ వందనాలు. నా పేరు దయామణి. మీలో శానా మందికి తెలుసు, తెలియనోళ్ళకు చెప్తాండాను, మాది హిందూపురం పక్క, ముప్పై ఐదేళ్ళ ముందర నా మొగుడు రత్నంతో బెంగళూరుకు వచ్చి ఈ చందాపురలోనే గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మిషను కుట్టి బతికినదాన్ని. ఇదే సంఘం ముందర నిలబడి ఇంతకు ముందు మూడు సార్లు సాక్ష్యం చెప్పినాను, మూడు సార్లూ మీరు చప్పట్లు కొట్టినారు. ఈ పొద్దు ఆ మూడు సాక్ష్యాలూ వెనక్కి తీసుకునేదానికి వచ్చినాను. నాకు కోపంగా ఉండాది, అయ్యగారికి ముందే చెప్పినాను, నవ్వు మొహం పెట్టుకొని చెప్పేది నాకు చేతకాదయ్యా అని, ఆయన సరేలేమ్మా నీకొచ్చినట్ల చెప్పు అన్నాడు, కాబట్టి టైమైందని మధ్యలో ఎవరూ పాట ఎత్తుకోవద్దండి.

నేను పడిన చీకటి అంటే మీరు జబ్బనుకుంటారు, తాగుడనుకుంటారు. అట్లాంటిదేమీ కాదు. నా చీకటి పేరు పి.ఎఫ్.! నవ్వేటోళ్ళు నవ్వండి, ఈ హాల్లో కూర్చున్న ఆడోళ్ళల్లో సగం మందికి నవ్వు రాదు, వాళ్ళకు తెలుసు.

తెలియని పిల్లకాయలకు ఒక మాట. నెల నెలా మన సంబళంలో కొంచెం పట్టుకుంటారు, ఓనరు కూడా తన పక్క నుంచి వేస్తాడు, అది మన పేరు మీద గవర్నమెంటు దగ్గర పెరుగుతా ఉంటాది, మన చెయ్యి వణికి సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చినప్పుడు తినేదానికి. ఆ ఓనరు వేసేదాంట్లో ఒక భాగం పింఛనుకు పోతాది. మధ్యలో తీసుకోకుండా పదేళ్ళ సర్వీసు కూడబెట్టుకుంటే యాభై ఎనిమిదో ఏట నుంచి చచ్చేదాకా నెల నెలా పింఛను, మనం పోతే ఇంట్లో మిగిలినోళ్ళకు. పదేళ్ళ లోపల అంతా తీసేసుకుంటే మాత్రం ఆ లెక్క చెరిపేసినట్లే, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

మరి మేము ఏం చేసేటోళ్ళం? ఐదారేళ్ళు కాగానే రాజీనామా రాసిచ్చి, పని లేదని చూపించేదానికి రెండు నెలలు ఇంట్లో కూర్చొని, లేకపోతే యాడైనా చిన్న షెడ్డులో పీసు లెక్కన కుట్టుకుంటా, ఫ్యాక్టరీ గేటు ఎదురుగా జెరాక్స్ అంగడి పెట్టుకున్న ఏజెంటుకు అతని వాటా అతనికి ఇచ్చి, మొత్తం పి.ఎఫ్. బయటికి తీసేసి, పక్క ఫ్యాక్టరీలో కొత్త చెయ్యి మాదిరి కొత్త చెయ్యి సంబళానికే చేరేటోళ్ళం. పదిహేనేళ్ళు మిషను మీద కూర్చున్నదాన్ని, నిన్న చేరిన పిల్లతో సమానంగా సంబళం తీసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. అందరూ చేస్తాండారు, నేనూ చేసినాను.

ఇంక దాని మీద మనం ఏం చేసినామో చెప్తాను వినండి. ఆ దుడ్డు బ్యాంకులో పడిన వారమే మందిరానికి వచ్చి, ప్రభువు నాకు పి.ఎఫ్. విడుదల చేసినాడు, దేవునికే మహిమ అని సాక్ష్యం చెప్పేటోళ్ళం! నా సంబళం! నా నడుము నొప్పి! నేను చెమటోడ్చి దాచిపెట్టుకున్నదాన్ని నేనే పగలగొట్టుకొని తెచ్చి, దేవుడు పైనుంచి రాల్చిన మాదిరి చెప్తే మీరు హల్లెలూయా అన్నారు, నేను ఏడ్చినాను, పక్కన కూర్చున్న ఆడపిల్లలు, ఓహో మనకూ ఇట్ల విడుదల కావాలని మరుసటి నెల రాజీనామాలు రాసినారు. ఎంత మందిని చెడగొట్టింటానో నాకే తెలీదు, అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

మొదటి సాక్ష్యం రేకుల షెడ్డులో మనం కూడుకునే రోజుల్లో చెప్పినాను. ఆరేళ్ళ పి.ఎఫ్. తీసి ఇంటాయనకు మొత్తంగా కట్టి ఒక ఇల్లు భోగ్యానికి తీసుకున్నాము, నెల నెలా బాడుగ కట్టే పని తప్పిందని, ప్రభువు ఇల్లు ఇచ్చినాడని చెప్పినాను. మూడేళ్ళకు ఇంటాయన కొడుకు పైన కట్టాలని మా దుడ్డు మాకిచ్చి ఖాళీ చేయించినాడు. చేతికొచ్చిన దుడ్డు చేతిలో నిలబడుతుందా? బాడుగ అడ్వాన్సుకు కొంచెం, మా అత్త కంటి ఆపరేషనుకు కొంచెం, మిగిలింది ఊరికే బియ్యానికీ బస్సుకూ అయిపాయ. దాని గురించి నేను మైకు దగ్గరికి వచ్చి చెప్పలేదు, మీరూ అడగలేదు.

రెండోది ఎనిమిదేళ్ళది. అప్పుడు నాకు తెలివి వచ్చిందనుకున్నాను, తినేస్తే పోతాది, భూమి మీద పెడితే పెరుగుతాది అని. వర్తూరు పక్కన సైటు, చిన్నది, మా ఇద్దరికీ ఒక గది వేసుకునేంత. పి.ఎఫ్. మొత్తం తీసి అడ్వాన్సు కట్టినాము. నా పేరు రాసిన రాయి కూడా పాతినారు, దాని పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాము, ఆ ఫోటో ఇదే సంఘంలో అందరికీ చూపించినాను. ఏడాది తిరగకముందే తెలిసింది, అది చెరువు నీళ్ళు పోయే జాగా అంట, ఎవరికీ రిజిస్టరు కాదంట, సైటు అమ్మిన మనిషి ఫోను నంబరు మార్చేసినాడు. నా మొగుడు వానాకాలం పోయి చూసొచ్చి, నీ పేరు రాసిన రాయి మీద కొంగ కూర్చొనుంది మే అన్నాడు, నేను నవ్వాల్నో ఏడ్వాల్నో తెలియక వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన తప్పేముంది పాపం, కాగితాలు తెలిసినోళ్ళకు చూపించకుండా అడ్వాన్సు కట్టినది నేను.

మూడోది చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతాది, ముందే చెప్తాండాను. అప్పటికి నాకు నలభై ఏడు. ఒకే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళ రెండు నెలలు. వినండి సరిగ్గా, తొమ్మిదేళ్ళ రెండు నెలలు! ఇంకా పది నెలలు నోరు మూసుకొని కూర్చునుంటే పదేళ్ళు నిండేవి. అప్పుడు ఈ మందిరం కడుతాండారు. మన సంఘంలో అప్పుడు ఒక పెద్ద ఉండేవాడు, పేరు చెప్పను, ఇప్పుడు కొడుకు దగ్గరికి వేరే ఊరికి వెళ్ళిపోయినాడు. ఆయన మూడు ఆదివారాలు వరసగా నిలబడి చెప్పినాడు, పి.ఎఫ్. పెట్టుకొని కూర్చున్నోళ్ళు దేవుని మీద కాకుండా గవర్నమెంటు మీద ఆనుకున్నోళ్ళు అని, రేపటికి దాచుకునేది అపనమ్మకం అని, విత్తనం గంపలో ఉంటే పంట రాదు, తెచ్చి దేవుని పొలంలో చల్లండి, నూరంతలు కోసుకోండి అని. నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరూ అడగకముందే రాజీనామా కాగితం తెచ్చి బల్ల మీద పెట్టినాను, ఆ పెద్ద దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. రాజీనామా కాగితానికి ప్రార్థన! రెండు నెలల తరువాత దుడ్డు వచ్చింది, కవరులో పెట్టి ఇచ్చేసినాను, సాక్ష్యం చెప్పినాను, మీరు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టినారు. మీ కాళ్ళ కింద తెల్ల టైల్స్ ఉండాయి కదా, ఒకసారి వంగి చూడండి. అందులో నా తొమ్మిదేళ్ళ రెండు నెలలు ఉండాయి.

ఆ మనిషి మీద నాకెందుకింత మంట అంటే, ఆయన గవర్నమెంటు ఫ్యాక్టరీలో రిటైరైనవాడు. ఆయనకు నెల నెలా పింఛను వస్తాది, డాక్టరు ఖర్చులు వస్తాయి. ఇది నాకు తరువాత తెలిసింది. పింఛను తింటా నన్ను పింఛను వద్దన్నాడు! నేను ఆయనకు ఫోను చేసి అడిగినాను కూడా, అయ్యా మీది ఎందుకు విత్తనం వేయలేదు అని. నాది వేరమ్మా, నాది సర్వీసు అన్నాడు. మరి నాది ఏంది? ఆట ఆడుకున్నానా మిషను మీద?

సరే, అప్పుడు ఇంత తెలివి లేదు. నూరంతలు వస్తాదని కాచుకొని కూర్చున్నాను, రెండు నెలలు పోయినాయి, ఇంకో ఫ్యాక్టరీలో కొత్త చెయ్యిగా చేరినాను. అక్కడ గేటు దగ్గర నాకు జయక్క అగుపడింది.

జయక్కది దొడ్డబళ్ళాపురం, మగ్గం నేసే ఇంటి పిల్ల. మన సంఘం కాదు, దేవుళ్ళకు పూలు పెట్టే మనిషి, కానీ పాత ఫ్యాక్టరీలో నా పక్క మిషను ఆమెదే. కాలరు కుట్టేది అంటే ఆమె మాదిరి కుట్టేవాళ్ళు ఆ లైనులో లేరు, సూపర్వైజర్లు కూడా ఆమెనడిగి నేర్చుకునేటోళ్ళు. యాభై ఎనిమిది నిండగానే ఇంటికి పొమ్మన్నారు, ఒక శాలువా కప్పినారు, ఒక గడియారం ఇచ్చినారు. ఆమె కూడా మన మాదిరే నాలుగు సార్లు తీసుకున్నది, ఇల్లు జరగక, పిల్లల ఫీజులకు. చేతిలో ఏమీ లేదు. నేను కొత్తగా చేరిన ఫ్యాక్టరీ గేటు ముందర బుట్టలో దోసకాయ ముక్కలు పెట్టుకొని, ఉప్పుకారం చల్లి అమ్ముకుంటాంది. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నది. నేను పోయి పక్కన కూర్చుంటుంటే సెక్యూరిటీవాడు వచ్చి లాఠీతో బుట్టను జరిపినాడు, ఓనరు కారు వస్తాది, లెయ్యి లెయ్యి అని. ముక్కలు మట్టిలో పడినాయి. ముప్పై ఏళ్ళు ఓనర్ల చొక్కాలకు కాలర్లు కుట్టిన చెయ్యి ఆ ముక్కలు ఏరుకుంటాంటే నేను చూసినాను. ఇంకో పదేళ్ళకు ఆ బుట్ట నాది అని ఆ నిమిషంలో తెలిసిపాయ.

ఆ ఆదివారం నేను మందిరానికి రాలేదు. ఇంట్లో తలుపేసుకొని ప్రార్థన చేసినాను, ప్రార్థన అంటే కొట్లాటే, మీరు చెప్పే భాషలో కాదు.

"ప్రభువా, నువ్వు నన్ను మోసం చేసినావా, వాళ్ళు చేసినారా, నేనే చేసుకున్నానా? నూరంతలు అన్నారు, నాకు ఒక్కంత కూడా రాలేదు. నాకు నలభై ఏడు. నా మొగుడికి పెయింటు పనిలో గోడలు గీకి గీకి దగ్గు పట్టింది. మాకు బిడ్డలు లేరు, నీకు తెలుసు, ఎందుకు ఇవ్వలేదని నేను అడగలేదు కూడా. ముసిలితనంలో మమ్మల్ని ఎవరు చూస్తారు? నాకు ఆశీర్వాదం వద్దు, జవాబు చెప్పు."

జవాబు రాలేదు. మెరుపు రాలేదు, స్వరం రాలేదు, మీకు కల్పించి చెప్పను. ఊరికే కూర్చోలేక, ఇంట్లో మిషను మీద పాస్టరమ్మ జాకెట్టు ఉంటే అది కుట్టేదానికి కూర్చున్నాను. ఆదివారం మధ్యాహ్నం, కుట్టకూడదంటారు, నేను కుట్టినాను. పక్క కుట్టు వేసేటప్పుడు చెయ్యి దానంతటదే రెండు వేళ్ళ గుడ్డ లోపల మడిచి పెట్టింది. టైలరు పని చేసేటోళ్ళకు తెలుసు, జాకెట్టు కొలతకు సరిగ్గా కత్తిరించకూడదు, రెండు పక్కలా లోపల గుడ్డ వదలాల. వచ్చే ఏడు మనిషి లావైతే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. బయటికి అగుపడదు, కానీ అది లేని జాకెట్టు ఒక ఏడాది జాకెట్టే. నా చెయ్యి ఆగిపాయ. పరాయి ఆడమనిషి జాకెట్టుకు వచ్చే ఏడు కోసం గుడ్డ వదిలేదానివి, నీ బతుక్కు ఒక అంగుళం కూడా వదలలేదేమే అని లోపల నుంచి ఒక మాట వచ్చింది. గుడ్డ వదిలేది పాస్టరమ్మ మీద అపనమ్మకంతోనా? కాదు కదా. ఆమె బతికి ఉంటాది, మారతాది, ఈ జాకెట్టు ఆమెకు ఇంకా కావాల్సి వస్తాది అని. నేను కూడా బతికి ఉంటాను అని ప్రభువుకు తెలుసు, నాకే తెలియలేదు. సహోదరీలారా, అదే నా విడుదల. నాకు దుడ్డు విడుదల కాలేదు, నేనే విడుదలైనాను, స్తోత్రం!

అప్పుడు లెక్క వేసుకున్నాను. యాభై ఏడుకు పదేళ్ళు నిండుతాయి, యాభై ఎనిమిదికి పింఛను. మధ్యలో ఒక్కసారి కూడా తీసుకోకూడదు. అద్దం వెనకాల ఒక కాగితం అంటించి పెట్టినాను, ప్రతి క్రిస్మసుకు ఒక గీత. ఏ కష్టం వచ్చినా ఆ గీతలు చెరపను అని మాట ఇచ్చినాను, పెద్ద దగ్గర కాదు, బల్ల దగ్గర కాదు, మిషను దగ్గర.

కష్టాలు రాకుండా ఉంటాయా? వచ్చినాయి. రెండు సార్లు బాడుగ ఇల్లు మారినాము, మారిన ప్రతిసారీ ఏజెంటు గేటు దగ్గర నన్ను అక్కా అక్కా అని పిలిచేవాడు. ఆ అక్కా అన్న మాటలో తేనె కారేది, నేను తల తిప్పకుండా పోయేదాన్ని. ఉపవాస కూటాల్లో ఒకరిద్దరు, దయామణికి ముందున్న విశ్వాసం ఇప్పుడు లేదు అన్నారు. విన్నాను. అన్నోళ్ళు ఇక్కడే ఉండారు, మీ దిక్కు చూడనులే.

ఎనిమిది గీతలు అయినాయి. నాకు యాభై ఐదు. ఒక పొద్దు పనికి పోతే ఫ్యాక్టరీ గేటు లోపల బల్లలు వేసుండారు. యూనిట్ ఇక్కడ నుంచి ఎత్తేస్తాండారంట, దూరం జిల్లాకు. ఆడోళ్ళు ఏడుస్తాంటే ఆఫీసు పిల్లోడు మైకులో చెప్తాండాడు, ఎవరూ భయపడొద్దు, రాజీనామా మీద సంతకం పెట్టండి, పి.ఎఫ్. మొత్తం బిరబిరా వచ్చేస్తాది, మేమే చేసిపెడతాం అని. కాగితాలు ముందే టైపు చేసుండారు, పేరు కాడ మాత్రం ఖాళీ. ఆ బల్ల పక్కనే మన జెరాక్స్ ఏజెంటు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు! ఫ్యాక్టరీ మూసేది వాళ్ళు, రాజీనామా చేసేది మేమంట! వాళ్ళు మమ్మల్ని తీసేస్తే మాకు ఇవ్వాల్సింది వేరే ఉంటాది, మేమే మానుకున్నామని రాసిస్తే వాళ్ళకు ఏ బాధా ఉండదు. ఆ పొద్దు నా చుట్టూ ఉన్నోళ్ళందరూ వరసలో నిలబడి సంతకాలు పెట్టినారు, అందులో మన సంఘం ఆడోళ్ళే పదిమంది, ఒకామె ప్రభువు సమయానికి తలుపు తెరిచినాడు అన్నది. ఆమెను అక్కడే పట్టుకొని కుదిపేయాలనిపించింది.

కానీ నా కాళ్ళు కూడా ఆ వరస దగ్గర ఆగినాయి. ఎందుకంటే అదే నెలలో రత్నంకు ఊపిరి ఆడడం లేదని డాక్టరు చూసి, ఇన్నేళ్ళు సున్నం దుమ్ము, గోడలకు పెట్టే పుట్టీ దుమ్ము పీల్చినందుకు ఊపిరితిత్తులు చెడిపోయినాయి, ఇంక పెయింటు పని చేయొద్దు, ఇంట్లో ఊపిరి అందించే మిషను పెట్టుకోవాలన్నాడు. ఇంట్లో ఆయన సంపాదన పోయింది, ఇప్పుడు నాది కూడా పోతాంది, బల్ల మీద సంతకం పెడితే దుడ్డు వస్తాది. మీరే చెప్పండి, ఏ ఆడది పెట్టదు? సంతకం పెట్టే కాగితం చేతిలో పట్టుకొని, రేపు ఇస్తానని చెప్పి ఇంటికి వచ్చినాను. ఆయన మంచం మీద ఆనుకొని కూర్చొని కాగితం చదివినాడు, చదివేదానికి శానా సేపు పట్టింది, నడుమ నడుమ ఆగి ఊపిరి తీసుకుంటాడు కదా.

"నాకోసం సంతకం పెట్టొద్దు మే," అన్నాడు. "మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టే వయసు కాదు నీది."

నేను ఆయన మీద అరిచినాను. అరవక ఏం చేస్తాను, ఆ మాట అనడానికి ఆయన ఊపిరి సగం అయిపాయ. ఆ తరువాత వంటింట్లోకి పోయి మోకాళ్ళ మీద పడినాను.

"ప్రభువా, ఈసారి నేను నిన్ను దుడ్డు అడగను. రెండేళ్ళు ఇయ్యి. రెండేళ్ళ పని ఇయ్యి. ఎంత చిన్న పనైనా సరే, పి.ఎఫ్. పట్టే పని అయితే చాలు. నేను సంతకం పెట్టను, నువ్వు దారి చూపించకపోతే నీ పేరు మీద నేను ఇంకెప్పుడూ సాక్ష్యం చెప్పను."

దేవునికి షరతు పెట్టినాను, తప్పో ఒప్పో. పొద్దున్నే లేచి ఫ్యాక్టరీకి పోకుండా బస్సెక్కి పి.ఎఫ్. ఆఫీసుకు పోయినాను. ఇన్నేళ్ళలో నేను ఆ ఆఫీసు గడప తొక్కింది అదే మొదటిసారి, ఎప్పుడూ ఏజెంటే అన్నీ చేసేవాడు. కౌంటరులో ఒక కన్నడ అమ్మాయి, నా కూతురుంటే ఆ వయసు ఉండేదేమో. నేను ఏడుపు గొంతుతో చెప్తాంటే నింపాదిగా విని చెప్పింది, అమ్మా, మీరు ఏదీ తీసుకోవద్దు, ఇంకో ఫ్యాక్టరీలో చేరితే ఇదే పి.ఎఫ్. నంబరు చెప్పండి, ఈ ఎనిమిదేళ్ళూ దానికి కలుస్తాయి, ఇంటాయన వైద్యానికైతే పింఛను సర్వీసు చెడకుండా కొంచెం అడ్వాన్సు మాత్రం తీసుకోవచ్చు అని. అంతే! రెండు మాటలు! ముప్పై ఏళ్ళుగా ఆ రెండు మాటలు నాకు ఒక్కరు చెప్పలేదు. ఫ్యాక్టరీవాళ్ళు చెప్పలేదు, ఏజెంటు చెప్పడు, సంఘం చెప్పలేదు, నేను పోయి అడగలేదు. ఆ అమ్మాయికి చేతులెత్తి దండం పెట్టినాను, ఆమె కంగారు పడి నీళ్ళు తాగండమ్మా అని బాటిల్ ఇచ్చింది.

ఆ అడ్వాన్సుతో రత్నంకు ఊపిరి మిషను వచ్చింది. కానీ యాభై ఐదేళ్ళ దానికి పని ఎవడిస్తాడు? పదకొండు ఫ్యాక్టరీల గేట్లు తిరిగినాను. కుట్టి చూపించమంటే కుట్టి చూపించినాను, కుట్టు చూసి బాగుందంటారు, నా ఆధార్ చూసి లేదంటారు. పన్నెండో గేటు దగ్గర దారాలు కత్తిరించే పని ఉంది, హెల్పరు, చేస్తావా అన్నారు. టైలరుగా బతికినదాన్ని, కుట్టేవాళ్ళ కింద నిలబడి వాళ్ళు వదిలిన దారపు ముక్కలు కత్తిరించాల, పొద్దంతా నిలబడే. నాకు మొదట నేర్పిన పని అదే, ఇరవై మూడేళ్ళప్పుడు. పి.ఎఫ్. పడుతుందా అని ఒకే మాట అడిగినాను, పడుతుంది అన్నారు, చేరినాను. నా పాత నంబరు కాగితం మీద రాసి రెండు సార్లు చదివించి ఇచ్చినాను.

రెండేళ్ళు నిలబడినాను సహోదరులారా. కాళ్ళు ఉబ్బేవి, ఇరవై ఏళ్ళ సూపర్వైజరు నన్ను ఏయ్ హెల్పరు అని పిలిచేది, కుట్టు వంకర పోతాంటే నాకు అగుపడేది, చెప్తే నీ పని నువ్వు చూసుకో అనేది. నాకొచ్చే కోపానికి చేతిలో కత్తెర ఉండేది, ప్రభువే కాపాడినాడు, ఆమెను! తొమ్మిదో గీత గీసినాను. పదో గీత గీసినాను. పదోది గీసే పొద్దు రత్నం ముక్కుకు గొట్టం పెట్టుకొనే అద్దం దగ్గరికి వచ్చి నిలబడినాడు, పెన్సిలు ఆయనే పట్టుకున్నాడు.

పోయిన నెల నాకు యాభై ఎనిమిది నిండింది. ఈ వారం బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది, పింఛను పడిందని. ఎంత అంటారా? నెలకు రెండువేలు కూడా లేదు. నవ్వొద్దు. బియ్యం, ఆయన మాత్రలు. నేను పోతే అందులో సగమైనా ఆయనకు వస్తాది, గొట్టం పెట్టుకున్న మనిషి ఎవరి గేటు ముందరా బుట్ట పెట్టుకోనక్కరలేదు. మొదటిసారే తీసుకోకుండా ఉండుంటే దీనికి రెండింతలకు పైనే వచ్చేది, దాచిన దుడ్డు వేరే ఉండేది, అది నేను పోగొట్టుకున్నాను, ఆ ఏడుపు నాకు పోలేదు. కానీ ఈ రెండువేల లోపు ఉండాదే, ఇది నేను చచ్చేదాకా నన్ను అడగకుండా వస్తాది. మెసేజి చూసి నేను, ఆయన, ఇద్దరమూ టీ పెట్టుకొని తాగినాము.

ఇందాక ముందు వరసలో ఎవరో ప్రథమ ఫలం, మొదటి పింఛను మొత్తం ఇచ్చేయాల అన్నారు, నాకు వినపడింది. ఇవ్వను. దశమభాగం కవరులో పెట్టి తెచ్చినాను, అది ఇస్తాను, సంతోషంగా ఇస్తాను. మిగిలింది మాత్రలకు. టైల్స్‌కు ఇచ్చింది చాలు. అయ్యగారు నన్ను, ఆ పెద్దను క్షమించినావామ్మా అని అడిగినారు. క్షమించినాను. కోపం పోయిందా అంటే పోలేదు. పోవాలని ఇంకా ప్రార్థన చేయలేదు కూడా, ఈ మాటలు చెప్పేదాకా దాని అవసరం ఉండె.

ఎందుకంటే ఈ పొద్దు ప్రార్థన చీటీల్లో ఒకటి ఉండాది. పెద్దలు చదువుతాంటే విన్నాను, పి.ఎఫ్. త్వరగా విడుదల అయ్యేటట్ల, అని. ఆ చీటీ నేను అడిగి తీసుకున్నాను, ఇదిగో నా చేతిలో ఉండాది. పేరు చదవను. నువ్వు తల ఎత్తొద్దులే తల్లీ, ఎవరూ వెనక్కి తిరిగి వెతకొద్దు. నీకు ఆరేళ్ళు నిండినాయని నాకు తెలుసు, శనివారం రాజీనామా ఇచ్చినావని తెలుసు, భోగ్యానికి ఇల్లు చూసుకున్నావని తెలుసు. నువ్వు పసిపిల్లగా ఉన్నప్పుడు నా మొదటి సాక్ష్యానికి మీ అమ్మ ఒళ్ళో కూర్చొని చప్పట్లు కొట్టినదానివి. ఆ చప్పట్లు నేర్పింది నేనే.

దీని కోసం ఈ పొద్దు ఎవరూ ప్రార్థన చేయొద్దండి, అడుగుతాండాను. ఈ దేవుణ్ణి నమ్మండి, నిండుగా నమ్మండి, ఆయన నన్ను పదకొండు గేట్ల నుంచి పన్నెండో గేటుకు నడిపించినాడు, మహిమ అంతా ఆయనదే. కానీ ఆయన నీ చేతికి ఇచ్చిన కత్తెరతో లోపల వదిలిన గుడ్డను కత్తిరించుకొని, ఇది కూడా నువ్వే ఇచ్చినావు ప్రభువా అని ఆయన మీదికి తోయొద్దండి.

రాజీనామా నిన్ననే కదా ఇచ్చినావు తల్లీ, ఇంకా లోపలికి పోయుండదు. రేపు పొద్దున ఏడు గంటలకు చందాపుర సర్కిల్ దగ్గర బస్టాపులో నేను నిలబడి ఉంటాను. నా మోకాళ్ళు బాగలేవు, ఎక్కువ సేపు నిలబెట్టొద్దు. ఇద్దరం కలిసి మీ ఆఫీసుకు పోయి ఆ కాగితం వెనక్కి అడుగుదాము, నీకు నోరు రాకపోతే నేను మాట్లాడతాను, నాకు ఎట్లాగూ కోపం వచ్చుండాది.